ఫుట్‌బాల్ చిక్కు ప్రశ్నల ఆట: ప్రశ్న అల్లడం నుంచి పంచాయితీ తీర్చడం దాకా

నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఆదివారం పొద్దున ఆట ముగిశాక, బూట్ల లేసులు విప్పుకుంటూనే ఎవరో ఒకరు ప్రశ్న విసరడం మా బృందంలో చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. మొదట్లో ఆ ప్రశ్నలన్నీ అంకెల చుట్టూ తిరిగేవి: ఫలానా ఆటగాడు ఫలానా సీజన్‌లో ఎన్ని గోల్స్ చేశాడు, ఏ క్లబ్బు ఆయనను ఎంత పెట్టి కొన్నది అని. తెలిసినవాడు చెప్పేవాడు, తెలియనివాడు చాయ్ గ్లాసులోకి చూసేవాడు, ముచ్చట అక్కడితో ఆగిపోయేది. పొడుపుకథలో పొడుపుతో పాటే విడుపు కూడా దాగి ఉన్నట్టు, చిక్కు ప్రశ్నలో కూడా జవాబుకు వెళ్లే దారి ప్రశ్నలోనే ఉండాలని మాకు ఆలస్యంగా అర్థమైంది. అలాంటి ప్రశ్నలను ఎక్కడ వెతకాలో, ఎలా రాయాలో, ఎలా సరిచూసుకోవాలో, నలుగురి మధ్య ఎలా అడగాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా కూర్చునేవారిని చూసుకోండి

ప్రశ్నలు రాయడానికి ముందు ఆ రోజు ఎవరెవరు వస్తున్నారో కనుక్కోవాలి. మా జిల్లాలలో ఫుట్‌బాల్ అభిమానులు ఒక్క తీరుగా ఉండరు. శనివారం రాత్రి ఏడున్నరకో ఎనిమిదిన్నరకో ఇంగ్లాండ్ మ్యాచ్ పెట్టుకుని, వారం మధ్యలో అర్ధరాత్రి దాటాక ఛాంపియన్స్ లీగ్ చూసి, పొద్దున ఎర్రబడిన కళ్లతో కాలేజీకి వెళ్లే కుర్రవాళ్లు ఒకవైపు ఉంటారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు సార్లు, బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ టోర్నమెంటు గెలిచిన సంగతిని తండ్రుల నోట విన్న పెద్దవాళ్లు మరోవైపు ఉంటారు. పాలమూరు నుంచి మా దగ్గరికి వచ్చే ఒక మిత్రుడు రిఫరీ పరీక్షకు చదివినవాడు. ఆయనకు జట్ల చరిత్ర అంతంత మాత్రమే గానీ, ఆట నిబంధనలు మాత్రం కంఠోపాఠం.

వీరందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి బార్సిలోనా గురించి పన్నెండు ప్రశ్నలు అడిగితే అది ఆట అనిపించుకోదు. మేము పెట్టుకున్న కొలత ఇది: కూర్చున్నవారిలో కనీసం ఒక్కరైనా జవాబు చెప్పగలగాలి, చెప్పలేకపోయినవారు జవాబు విన్నాక “అరె, ఇది నాకు తట్టాల్సిందే” అనుకోవాలి. “అయితే ఏంది?” అన్న మాట వస్తే, ఆ ప్రశ్నను ఇంకెన్నడూ అడగకూడదు.

ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయి

అన్నిటికంటే మంచి గని ఆట నిబంధనలే. జట్లు మారినా, రికార్డులు చెరిగిపోయినా నిబంధనలు నిదానంగా మారతాయి కాబట్టి ఆ ప్రశ్నలు త్వరగా పాతబడవు. గోల్ కిక్ (ప్రత్యర్థి చివరగా తాకిన బంతి గోల్ గీత దాటి బయటికి పోతే రక్షించే జట్టు తన్నేది) తీసుకున్న ఆటగాడు తన్నిన బంతి ఎవరికీ తగలకుండా నేరుగా అతని సొంత గోల్‌లోకే పోతే రిఫరీ ఏమివ్వాలి? గోల్ అని చాలామంది టక్కున చెబుతారు. నిజానికి ప్రత్యర్థికి కార్నర్ కిక్, అంటే మైదానం మూల నుంచి తన్నే అవకాశం, ఇవ్వాలి. త్రో-ఇన్ (పక్క గీత దగ్గర నుంచి చేతులతో విసిరే బంతి) నేరుగా ఎదుటివారి గోల్‌లో పడితే గోల్ కిక్, తమ గోల్‌లో పడితే కార్నర్. త్రో-ఇన్, కార్నర్, గోల్ కిక్‌లలో ఏ ఒక్కదాని నుంచి నేరుగా బంతి అందుకున్నా ఆఫ్‌సైడ్ (ఎదుటివారి రక్షణ వరుసను దాటి ముందే నిలబడి బంతి అందుకోవడం) తప్పు ఉండదు. రోజూ ఆడేవాడు కూడా వీటి దగ్గర ఒక్క క్షణం తడబడతాడు, కానీ ఆలోచిస్తే దారి దొరుకుతుంది.

కొలతలలోనూ ఇదే సొగసు ఉంటుంది. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు అని చెప్పి, ఇంత వంకర అంకెలు ఎందుకు వచ్చాయని అడగండి. అవి 8 గజాలు, 8 అడుగులు. ఇంటి స్థలం మొదలు శ్మశానం గోడ దాకా అన్నీ గజాలలో మాట్లాడుకునే మా ఊళ్లో ఈ ప్రశ్నకు మొదటిసారి ఎవరూ జవాబు చెప్పలేకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

రెండో గని వింత సంఘటనలు. వీటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్నను కొంచెం విడమరచి చెబుతాను. “ఒక జట్టు ముందంజ వేయడం కోసమే, కావాలని, తన గోల్‌లో తానే బంతి వేసుకుంది. ఎందుకు?” పేర్లు, సంవత్సరం ఏమీ చెప్పకుండా ముందు ఇంతే అడగాలి. 1994 జనవరిలో కరీబియన్ కప్ అర్హత మ్యాచ్‌లో బార్బడోస్ ముందుకు వెళ్లాలంటే గ్రెనడాపై రెండు గోల్స్ తేడాతో గెలవాలి. 2-0తో ముందున్న జట్టు 83వ నిమిషంలో ఒక గోల్ ఇచ్చుకుంది. 2-1తో గెలిచినా లాభం లేదు. అయితే ఆ టోర్నమెంటులో అదనపు సమయంలో పడే గోల్డెన్ గోల్‌ను, అంటే పడగానే ఆటను ముగించే గోల్‌ను, రెండు గోల్స్‌గా లెక్కించే విచిత్ర నిబంధన ఒకటి ఉంది. మిగిలిన కొద్ది నిమిషాలలో ఇంకో గోల్ వేయడం కంటే, తమ గోల్‌లోనే బంతి వేసుకుని 2-2 చేసి ఆటను అదనపు సమయానికి తీసుకెళ్లడం మేలని బార్బడోస్ ఆటగాళ్లు లెక్క వేసి, 87వ నిమిషంలో అలాగే చేశారు. ఈ ఎత్తుగడ అర్థమయ్యాక గ్రెనడాకు రెండు దారులు దొరికాయి: 3-2తో గెలిచినా చాలు, 2-3తో ఓడినా చాలు. అందుకని వారు ఏదో ఒక గోల్‌లో బంతి వేయాలని చూస్తుంటే, బార్బడోస్ మైదానంలో రెండు కొసలనూ కాపాడుకోవలసి వచ్చింది. చివరకు అదనపు సమయంలో బార్బడోసే గోల్ వేసి, కాగితం మీద 4-2తో గెలిచింది.

ఈ ప్రశ్న అడిగినప్పుడు జవాబు ఒక్కరి నోటి నుంచి రాదు. ఒకరు “తేడా” అంటారు, ఇంకొకరు “అదనపు సమయం” అంటారు, మూడోవారు ఆ రెంటినీ కలుపుతారు. కాగితం, కలం ఇస్తే పది నిమిషాలలో ఎవరికి వారే ఆ నిబంధనను కనిపెట్టేస్తారు.

మూడో గని మన ఇంటి చరిత్ర. భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆస్ట్రేలియాపై నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ (ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్) చేశాడు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. రెండు జట్లకూ కోచ్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ వంటివారు ఆ జంట నగరాల నుంచే వచ్చారు. పాత హైదరాబాద్ రాష్ట్రంలో నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ జిల్లాలే కాబట్టి ఈ ప్రశ్న మాకు బాగా నప్పుతుంది: “రాష్ట్రం 1956లోనే పోయింది, కానీ ఆ పేరుతో ఆడిన జట్టు 1957-58లో జాతీయ ఛాంపియన్ అయింది. ఏ జట్టు, ఏ ట్రోఫీ?” హైదరాబాద్, సంతోష్ ట్రోఫీ.

నాలుగోది, మనం కూర్చున్న చోటు నుంచే పుట్టే ప్రశ్న. ఉదాహరణకు: “శనివారం ఇంగ్లాండ్‌లో జరుగుతున్న మ్యాచ్‌ను మాంచెస్టర్‌లో ఇంట్లో కూర్చున్నవాడు టీవీలో చూడలేడు, మిర్యాలగూడలో కూర్చున్నవాడు చూడగలడు. ఎందుకు?” శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్‌లను ప్రత్యక్షంగా చూపిస్తే జనం మైదానాలకు రారన్న భయంతో అక్కడ పెట్టుకున్న పాత కట్టుబాటే దానికి కారణం. మన గడియారం ప్రకారం అది రాత్రి ఏడున్నర లేదా, వారి చలికాలంలో, ఎనిమిదిన్నర.

ప్రశ్నను రాయడం: ఒక ఉదాహరణ

ప్రశ్నను నోటితో అనుకుని వదిలేయకుండా చీటీ మీద పూర్తి వాక్యంగా రాయాలి. నేను సునీల్ ఛెత్రి మీద రాసిన ప్రశ్న మూడు సార్లు మారింది. మొదటి చీటీలో “సునీల్ ఛెత్రి ఎక్కడ పుట్టాడు?” అని ఉంది. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు, దారి లేదు. రెండో చీటీలో “ఛెత్రి ఢిల్లీలో పుట్టాడా, డార్జిలింగ్‌లోనా, సికింద్రాబాద్‌లోనా?” అని రాశాను. అది పరీక్ష పేపర్‌లాగా ఉండటమే కాక, మూడో పేరు వినగానే అందరికీ అనుమానం వచ్చేస్తుంది. మూడోసారి ఇలా రాశాను: “భారత్ తరఫున అత్యధిక అంతర్జాతీయ గోల్స్ చేసిన ఆటగాడి తండ్రి సైనికుడు. ఆ ఆటగాడు పుట్టిన ఊరు నుంచి బీబీనగర్ మీదుగా వచ్చే రైలు మన స్టేషన్‌లో ఆగుతుంది. ఆ ఊరేది?” సైన్యం, బీబీనగర్ అన్న రెండు మాటలను కలిపితే సికింద్రాబాద్ కంటోన్మెంటు కళ్ల ముందుకు వస్తుంది. ఛెత్రి పుట్టిన ఊరు తెలియనివారే ఆ రోజు జవాబు చెప్పారు.

ఇక మాటల విషయంలో జాగ్రత్త. “ప్రపంచ కప్ ఫైనల్‌లో హ్యాట్రిక్ చేసినవారు ఎవరు?” అని అడిగితే, 1966లో జెఫ్ హర్స్ట్, 2022లో ఎంబాపే అని జవాబు వస్తుంది. 2015 మహిళల ఫైనల్‌లో జపాన్‌పై మొదటి పదహారు నిమిషాలలోనే మూడు గోల్స్ చేసిన కార్లీ లాయిడ్ ఎక్కడికి పోయింది? పురుషుల ప్రపంచ కప్ అని రాయకపోతే మీ ప్రశ్నే తప్పు. అత్యధిక గోల్స్ ప్రశ్నలోనూ అంతే: 2022 టోర్నమెంటు ముగిసే నాటికి పురుషులలో జర్మనీ ఆటగాడు క్లోసే 16 దగ్గర ఉంటే, బ్రెజిల్‌కు చెందిన మార్తా మహిళల ప్రపంచ కప్‌లలో 17 గోల్స్ చేసి ఉంది. ఇటువంటి రికార్డు ప్రశ్నలన్నింటికీ “ఫలానా సంవత్సరం నాటికి” అన్న మాట తగిలించడం తప్పనిసరి.

“మొదటిసారి బయటికి పంపబడిన ఆటగాడు”, “మొదటి రెడ్ కార్డు చూసిన ఆటగాడు” అన్నవి వేరు వేరు ప్రశ్నలు. ప్రపంచ కప్‌లో కార్డులు వచ్చింది 1970లో. ఆ టోర్నమెంటులో ఒక్క ఎర్ర కార్డు కూడా బయటికి రాలేదు. 1974లో చిలీ ఆటగాడు కార్లోస్ కాస్జెలీకి మొదటిది చూపారు. అంతకు ముందు ఆటగాళ్లను బయటికి పంపలేదా అంటే పంపారు, నోటి మాటతో. అలాగే 1950 ప్రపంచ కప్ “ఫైనల్” అని రాయకూడదు; ఆ ఏడు నాలుగు జట్ల తుది గ్రూపు మాత్రమే ఉంది. రియోలోని మారకానా స్టేడియంలో ఉరుగ్వే 2-1తో బ్రెజిల్‌ను ఓడించిన మ్యాచ్ ఆ గ్రూపులో చివరి రోజుది, కిరీటాన్ని తేల్చినది. బ్రెజిల్‌కు డ్రా చేసుకున్నా సరిపోయేది. ఈ తేడా తెలిసినవాడు ఒక్కడున్నా మీ ప్రశ్న మీద పడతాడు, పడాలి కూడా.

సరిచూసుకోవడం

ప్రశ్న ఎంత ముద్దుగా ఉంటే అంత అనుమానించాలి. 1950 ప్రపంచ కప్‌కు భారత్ వెళ్లకపోవడానికి కారణం బూట్లు లేకుండా ఆడనివ్వబోమని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా చెప్పడమేనన్న కథ దేశమంతా తిరుగుతుంది. అర్హత గ్రూపులో మిగతా జట్లు తప్పుకోవడంతో భారత్‌కు అర్హత దక్కిందన్నది నిజం. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లలో ఎక్కువమంది ఉత్త కాళ్లతో ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడిన మ్యాచ్‌లో రెండు పెనాల్టీలు పోగొట్టుకున్నదీ నిజం. కానీ 1950 జట్టుకు కెప్టెన్ కావలసిన శైలేన్ మన్నాయే ఆ బూట్ల కథను తర్వాతి కాలంలో కొట్టిపారేశారు. మన సమాఖ్య ఆనాడు ప్రపంచ కప్ కంటే ఒలింపిక్స్‌నే పెద్దదిగా చూసింది. కాబట్టి “ఎందుకు వెళ్లలేదు?” అన్నది చిక్కు ప్రశ్నగా పనికిరాదు, చర్చగా పనికొస్తుంది. “1948లో ఆ జట్టుకు కెప్టెన్‌గా ఉండి, వైద్యవిద్య పూర్తిచేసి, తర్వాత నాగాలాండ్ ఆరోగ్య శాఖలో పనిచేసినది ఎవరు?” అంటే మాత్రం ఒకే జవాబు, టాలిమెరెన్ ఆవో.

ప్రతి జవాబును ఒకదానినొకటి చూసి రాయని రెండు చోట్ల సరిచూడాలన్నది మా నియమం. ఫోన్‌లో తిరిగే రీళ్లు పది ఉన్నా ఒకటే లెక్క, ఎందుకంటే అవన్నీ ఒకదాని నకలు మరొకటి.

ఆట నడిపే తీరు

ఆరుగురు ఉంటే ఇద్దరిద్దరిగా మూడు జట్లు చేయండి; ఒక పెద్దవారు, ఒక చిన్నవారు కలిసేలా చూస్తే ఆట రక్తి కడుతుంది. ఏడో మనిషి పృచ్ఛకుడు. పన్నెండు ప్రశ్నలు చాలు, అంతకు మించితే చాయ్ చల్లారుతుంది, ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఫోన్లన్నీ బల్ల మధ్యలో బోర్లా పెట్టించాలి. ముందుగా ఎవరు ముట్టుకుంటే ఆ పూట బిల్లు వారిది. ప్రశ్నను రెండుసార్లు చదివి, ముప్పై సెకన్లు ఇవ్వాలి. బార్బడోస్ వంటి దీర్ఘ ప్రశ్నకు గడువు పెట్టకుండా, అందరికీ కలిపి చివర్లో అడగడం మంచిది.

మార్కులు క్లూల లెక్కన ఇవ్వాలి. ఏ క్లూ లేకుండా చెబితే మూడు, ఒకటి తీసుకుంటే రెండు, రెండు తీసుకుంటే ఒకటి. క్లూలు కూడా ముందే చీటీ వెనుక రాసి ఉండాలి. అక్కడికక్కడ కల్పిస్తే పృచ్ఛకుడు తనకు నచ్చిన జట్టుకు తెలియకుండానే సాయం చేస్తాడు. ఒక చీటీ ఇలా ఉంటుంది. ప్రశ్న: “1962 జకార్తా ఫైనల్‌లో భారత్ రెండు గోల్స్‌లో ఒకటి పి.కె. బెనర్జీది. రెండోది తలకు కుట్లు పడిన ఒక డిఫెండర్‌ది. ఆయనెవరు, డిఫెండర్ అక్కడ ఏం చేస్తున్నాడు?” మొదటి క్లూ: మోహన్ బగాన్‌కు ఆడాడు. రెండో క్లూ: పంజాబ్ మనిషి. జవాబు: జర్నైల్ సింగ్, గాయపడిన ఆయనను వెనుక వరుసలో ఉంచకుండా రహీం సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. పేరు చెబితే సగం, కారణం చెబితే మిగతా సగం. మొదటి సగం రానివారికి రెండోది తడుతుంది. అందుకే ఈ చీటీని నేను పారేయను.

మొదటి రెండు ప్రశ్నలు తేలికగా ఉండాలి. మొదటే నోరు మూయిస్తే ఆ మనిషి ఆ పూటంతా మూగవాడే.

పంచాయితీ వచ్చినప్పుడు

ఒక ఆదివారం “పురుషుల ప్రపంచ కప్‌లో తొలి హ్యాట్రిక్ ఎవరిది?” అన్న ప్రశ్న నాదే. పాత క్విజ్ పుస్తకాలు చదివి పెరిగిన మా పెద్దన్న ఒకరు క్షణం ఆలస్యం చేయకుండా “అర్జెంటీనా, స్టాబిలే” అన్నారు. ఎదురుగా కూర్చున్న ఇంటర్ కుర్రవాడు గొంతు తగ్గించి, “అన్నా, అది మార్చిన్రు. అమెరికా ఆయనది” అన్నాడు. “మార్చుడేంది తమ్మీ, 1930లో అయిపోయిన ఆటను ఇప్పుడు ఎట్ల మారుస్తరు?” అని ఆయన గ్లాసు కింద పెట్టారు. ఇద్దరూ తమ తమ కాలానికి సరిగానే చెప్పారు. అమెరికా ఆటగాడు బెర్ట్ పాటెనాడ్ పరాగ్వేపై 1930 జూలై 17న ఆడాడు, స్టాబిలే మెక్సికోపై రెండు రోజుల తర్వాత. పాటెనాడ్ మూడు గోల్స్‌లో ఒకటి ఎవరిదన్న అనుమానం దశాబ్దాల పాటు నడిచి, 2006లో ఫిఫా ఆయన హ్యాట్రిక్‌ను గుర్తించింది. అంతకు ముందు అచ్చయిన చాలా పుస్తకాలలో స్టాబిలే పేరే ఉంటుంది.

తప్పు నాది; “ఫిఫా ఇప్పటి లెక్క ప్రకారం” అన్న నాలుగు మాటలు చీటీలో లేవు. ఆ రోజు నుంచి మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. చీటీ మీద రాసిన జవాబే ఆ పూటకు చెల్లుతుంది. ఆట మధ్యలో ఫోన్ తీయకూడదు. అభ్యంతరం ఉన్నవారు దాన్ని నోట్‌బుక్‌లో రాయించి, వచ్చే ఆదివారానికి ఆధారం తేవాలి. అభ్యంతరం నిలిస్తే వారికి మూడు మార్కులు, పృచ్ఛకుడికి చాయ్ ఖర్చు. అభ్యంతరం తేలకపోతే ఆ ప్రశ్న రద్దు. రద్దు చేయడానికి మొహమాటపడే పృచ్ఛకుడి దగ్గర ఆట ఎక్కువ రోజులు సాగదు.

నోట్‌బుక్

రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి చాలు. అడిగిన తేదీ, ప్రశ్న, జవాబు, ఎన్ని క్లూలకు పడింది, ఎవరు చెప్పారు అన్నవి రాయాలి. ఎవరూ చెప్పలేని ప్రశ్నను ఇంకో దారి చేర్చి ఆరు నెలల తర్వాత మళ్లీ రాయవచ్చు. అందరూ ఒక్కసారే అరిచి చెప్పినదాన్ని కొత్తగా చేరినవారి కోసం దాచుకోవచ్చు. రికార్డుల మీద ఉన్న ప్రతి ప్రశ్న పక్కన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి, పెద్ద టోర్నమెంటు ముగిసిన ప్రతిసారీ ఆ గుర్తులున్నవాటిని మాత్రం తిరిగి సరిచూడాలి. మా నోట్‌బుక్‌లో స్టాబిలే పేరును పెద్దన్నే స్వయంగా కొట్టివేసి, పక్కన పాటెనాడ్ అని రాసి, కింద తన సంతకం పెట్టారు.